ఒంట్లో రక్తం పట్టేదాకా రేడియేషన్ ఆపవచ్చా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా అమ్మకు 54 ఏళ్లు. ముట్లు ఆగిపోయిన ఆరేళ్లకు మళ్లీ రక్తం కనిపించింది. సిగ్గుపడి ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు. విశాఖపట్నంలో పరీక్షలు చేయించాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 3బి దశ అన్నారు. ఎడమ మూత్రపిండం కొంచెం ఉబ్బిందట. ఐదు వారాలు రేడియేషన్, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, చివర్లో లోపలి రేడియేషన్ అని కేస్ షీటులో రాశారు. హిమోగ్లోబిన్ 7.9 ఉంది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి సోమవారం మొదలుపెడదామని డాక్టర్లు అంటున్నారు. మా పెదనాన్న ఒప్పుకోవడం లేదు. ఇంత నీరసంగా ఉన్న మనిషికి కరెంటు పెడితే తట్టుకోలేదని, నెల రోజులు బీట్‌రూటు, ఖర్జూరం, మునగాకు పెట్టి ఒంట్లో రక్తం పట్టాక వెళదామని అంటున్నారు. బయటి రక్తం ఎక్కిస్తే జబ్బు పెరుగుతుందని ఆయన భయం. మందుల షాపులో అడిగితే రక్తం పెంచే ఇంజెక్షన్ ఉందన్నారు. అమ్మకు చుట్ట అలవాటు కూడా ఉంది. అసలు రక్తం తక్కువైతే రేడియేషన్ పని చేయదా? మాకు ఏది మంచిది? నాదీ అమ్మదీ ఒకే గ్రూపు, నేనే రక్తం ఇవ్వవచ్చా? ఈ తిరుగుళ్లతో నాకూ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చేరిన సాయంత్రమే "సోమవారాన్ని వదులుకోవద్దు, రక్తం ఎక్కించుకుని మొదలుపెట్టండి" అని రెండు మాటల్లో జవాబు పంపాను. ఎందుకలా అన్నానో ఇప్పుడు వివరంగా చెబుతాను. ముఖ్యంగా మీ పెదనాన్నగారికి చదివి వినిపించండి. ఆయనకు మీ అమ్మగారి మీద ఉన్న ప్రేమలో లోపమేమీ లేదు. ఆయన చెబుతున్న నెల రోజుల ఆలస్యంతోనే నా తగవు.

మీ మొదటి సందేహం సరైనదే. రక్తం బాగా తక్కువగా ఉన్నవారిలో రేడియేషన్ ఫలితం తగ్గుతుంది. ఆడవారికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి, మీ అమ్మగారికి 7.9 ఉంది. అద్దం ముందు కూర్చోబెట్టి ఆమె కింది కనురెప్పను మెల్లగా లాగి చూడండి, పక్కనే మీదీ చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అక్కడ దానిమ్మ గింజ రంగు కనిపిస్తుంది. రక్తం తగ్గినవారిలో అది ఉల్లిపొర రంగులోకి మారుతుంది. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. ఊపిరితిత్తుల నుంచి ఒంట్లోని మూలమూలకూ ప్రాణవాయువును మోసేది అదే. రేడియేషన్‌కు ఆ ప్రాణవాయువుతో పెద్ద పని ఉంది.

కేస్ షీటులో రేడియేషన్ మోతాదు పక్కన "గ్రే" అనే మాట చూసే ఉంటారు. లండన్ సమీపంలోని మౌంట్ వెర్నన్ ఆసుపత్రిలో పరిశోధన చేసిన శాస్త్రవేత్త ఎల్.హెచ్. గ్రే పేరు అది. ప్రాణవాయువు అందని కణాన్ని చంపాలంటే, బాగా అందుతున్న కణానికి ఇచ్చే దానికంటే రెండున్నర నుంచి మూడు రెట్ల రేడియేషన్ కావాలని ఆయన బృందం 1953లో రాసింది. కారణం ఇది: కిరణం తగిలినప్పుడు కణంలోని డీఎన్ఏకు దెబ్బ తగులుతుంది. ఆ క్షణంలో పక్కన ప్రాణవాయువు ఉంటే దెబ్బ శాశ్వతమవుతుంది, లేకపోతే కణం చాలావరకు దాన్ని సరిచేసుకుంటుంది. రెండేళ్ల తర్వాత టామ్లిన్‌సన్ అనే సహచరుడితో కలిసి గ్రే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కలను సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. రక్తనాళానికి దగ్గరగా ఉన్న క్యాన్సర్ కణాలు బతికి ఉన్నాయి, మిల్లీమీటరులో ఆరో వంతు దూరం దాటితే అన్నీ చచ్చిపడి ఉన్నాయి. ప్రాణవాయువు నాళం నుంచి పాకగలిగేది అంత దూరమే, మహా అయితే రెండు వెంట్రుకల మందం. బతికిన కణాలకూ చచ్చిన కణాలకూ మధ్య సరిహద్దులో ఊపిరాడీ ఆడకుండా కొన్ని కణాలు ఉంటాయి. రేడియేషన్‌కు లొంగనివి అవే. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే ఆ సరిహద్దు నాళానికి ఇంకా దగ్గరగా జరుగుతుంది. అంటే మొండి కణాల సంఖ్య పెరుగుతుంది.

ఐదు వారాల పాటు రోజూ కొంచెం కొంచెంగా ఇవ్వడంలో ఒక ఆంతర్యం కూడా ఇదే. నాళం పక్కనున్న కణాలు ముందు చనిపోతాయి. అవి వాడుకుంటున్న ప్రాణవాయువు మిగిలి, వెనక వరుసలో ఉన్న కణాలకు చేరుతుంది. నిన్న లొంగని కణం ఇవాళ లొంగుతుంది. అందుకే హిమోగ్లోబిన్ మొదటి రోజు బాగుంటే చాలదు, 25 రోజులూ నిలబడాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దీన్ని గట్టిగా చూపించిన పరిశీలన కెనడా నుంచి 1999లో వచ్చింది. ఏడు కేంద్రాల్లో రేడియేషన్ తీసుకున్న 605 మంది వివరాలు తీసి చూశారు. చికిత్స జరిగిన వారాల్లో హిమోగ్లోబిన్ సగటున 12 అంతకంటే ఎక్కువ ఉన్నవారిలో ఐదేళ్ల తర్వాత 74 శాతం మంది బతికి ఉన్నారు. 11కు తగ్గినవారిలో 45 శాతమే. చికిత్స మొదట్లో ఎంత ఉందన్నదాని కంటే మధ్యలో ఎంత ఉందన్నదే ఎక్కువ లెక్కలోకి వచ్చింది. మొదట తక్కువగా ఉన్నా రక్తం ఎక్కించి పైకి తెచ్చినవారు, మొదటి నుంచీ బాగున్నవారితో సమానంగా నిలబడ్డారు.

ఈ అంకెలు చూసి "రక్తం ఎక్కిస్తే చాలు, గెలిచినట్టే" అనుకోవద్దు. పెద్ద కణితి ఎక్కువ రక్తం కారుస్తుంది, జబ్బు ముదిరినవారికే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. కాబట్టి తక్కువ రక్తం కొంతవరకు జబ్బు తీవ్రతకు గుర్తు కూడా. తల, మెడ క్యాన్సర్లలో డెన్మార్క్ వైద్యులు రేడియేషన్‌కు ముందు రక్తం ఎక్కించి చూసినప్పుడు అదనపు లాభం కనబడలేదు. ముఖద్వార క్యాన్సర్‌లోనూ ఎంత అంకె దగ్గర నిలబెట్టాలన్న విషయంలో వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. ఎక్కువ ఆసుపత్రులు 10కి తగ్గకుండా చూస్తాయి, కొందరు 12 దాకా తీసుకెళ్లాలంటారు. నా మటుకు నేను, 7.9తో వచ్చిన మనిషిని ముందు 10 దగ్గరికి తేవాలంటాను. మీ డాక్టర్లు చెప్పిందీ అదే లెక్క: ఒక యూనిట్ ఎర్రకణాలు ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. రెండు యూనిట్లకు 7.9 కాస్తా 10 అంచుకు వస్తుంది.

ఇక పెదనాన్నగారి మాట. మీ అమ్మగారి రక్తం తిండి చాలక తగ్గలేదు. ఐదు నెలలుగా ఆ పుండు నుంచి చుక్కచుక్కగా కారిపోతోంది. అడుగున చిల్లు ఉన్న కుండలో పైనుంచి నీళ్లు పోస్తే నిండదు కదా! ఆ చిల్లు పూడ్చే గట్టి మందు రేడియేషనే. చాలామందిలో మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తస్రావం తగ్గిపోతుంది. మరీ ఎక్కువగా పోతుంటే లోపల గుడ్డతో ఒత్తిపెట్టి ఆపుతారు, ఆ రోజు నుంచే రేడియేషన్ మొదలుపెడతారు. "రక్తం పోతోంది కాబట్టి రేడియేషన్ వద్దు" అనడం, మంట ఆరాక నీళ్లు పోద్దామనడం లాంటిది.

పైగా క్యాన్సర్ ఉన్న ఒంట్లో తిన్న ఇనుము రక్తంగా మారడానికి అడ్డంకులు ఎక్కువ. ఒంట్లో వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది పేగులో ఇనుము పీల్చే ద్వారాన్ని మూసేస్తుంది, నిల్వలో ఉన్న ఇనుమును బయటికి రానివ్వదు. మూత్రపిండం ఉబ్బిందని రాశారు. ఎముక మజ్జకు "రక్తం తయారు చెయ్యి" అని కబురు పంపేది మూత్రపిండమే. అది నలిగితే కబురు తగ్గుతుంది. సిస్‌ప్లాటిన్ మజ్జనూ మూత్రపిండాన్నీ రెండింటినీ తాకుతుంది. పెద్దవారిలో మజ్జలో పెద్ద వాటా కటి ఎముకల్లో, నడుము పూసల్లో ఉంటుంది. రేడియేషన్ పడేది ఆ ప్రాంతం మీదే. ఇన్ని వైపుల నుంచి తగ్గుతున్నదాన్ని బీట్‌రూటు పూడ్చలేదు. బీట్‌రూటు ఎర్రగా ఉంటుంది కానీ ఆ రంగుకూ రక్తానికీ సంబంధం లేదు, అందులో ఇనుము 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు.

ఆలస్యానికి ఇంకో ధర కూడా ఉంది. ఈ క్యాన్సర్‌లో బయటి రేడియేషన్, లోపలి రేడియేషన్ మొత్తం కలిపి 56 రోజుల్లో, అంటే ఎనిమిది వారాల్లో ముగియాలి. ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ కటిభాగంలో జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గుతుందని అనేక పరిశీలనల్లో తేలింది. ఆ లెక్క మొదలుపెట్టిన రోజు నుంచి. మొదలుపెట్టకుండా కూర్చున్న నెలలో కణితి ఎలాగూ పెరుగుతుంది. 3బి దశలో ఉన్న మీ అమ్మగారికి అది రెండో మూత్రపిండం దారిని కూడా నొక్కేస్తే సిస్‌ప్లాటిన్ ఇచ్చే వీలే పోవచ్చు. మధ్యలో హిమోగ్లోబిన్ తగ్గినా ఇదే సూత్రం. ఒకవైపు రక్తం ఎక్కిస్తూనే మరోవైపు రేడియేషన్ సాగించాలి. చేతికి ఉన్న సూది తీసి, దాని మీద దూది అంటించుకుని, గంట తర్వాత మిషను గదిలోకి నడిచి వెళ్లే తల్లులను నేను ఎందరినో చూశాను. రెండూ ఒకే రోజు చేయవచ్చు.

"బయటి రక్తం క్యాన్సర్‌కు మేత" అన్న భయం మీ ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో ఉంది. రక్తం ఎక్కించుకున్నవారిలో కొన్ని క్యాన్సర్లు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించిన మాట నిజమే. అయితే రక్తం అవసరమయ్యేది జబ్బు ముదిరినవారికే కాబట్టి, దోషం రక్తానిదని చెప్పలేం. అవసరం లేకుండా ఎక్కించకూడదు, ఇందులో నాకు మరో మాట లేదు. 11 ఉన్న మనిషికి బలం కోసమని సంచి తగిలించడాన్ని నేనూ ఒప్పుకోను. 7.9 ఉండి, రక్తం కారుతూ, రేడియేషన్ ఎదురుగా ఉన్న మనిషి సంగతి వేరు.

మందుల షాపులో చెప్పిన ఇంజెక్షన్ ఎరిత్రోపొయిటిన్ అయి ఉంటుంది, అంటే మూత్రపిండం మజ్జకు పంపే ఆ కబురే మందు రూపంలో. దాన్ని మీ అంతట మీరు తెచ్చి వేయించవద్దు. చూడ్డానికి అందమైన ఆలోచన. రక్తం ఎక్కించే పని లేకుండా మజ్జ చేతే రక్తం తయారు చేయించడం. నిజానికి అంకె పెరుగుతుంది కూడా. కానీ 2003లో తల, మెడ క్యాన్సర్ ఉన్న 351 మంది మీద ఐరోపాలో జరిపిన ప్రయోగంలో, ఈ ఇంజెక్షన్ తీసుకున్నవారి హిమోగ్లోబిన్ పెరిగింది, క్యాన్సర్ మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారి కంటే త్వరగా తిరగబెట్టింది. డెన్మార్క్‌లో ఇలాంటి మందుతోనే చేసిన మరో ప్రయోగాన్ని అదే కారణంతో మధ్యలో ఆపేశారు. ముఖద్వార క్యాన్సర్‌లో జరిపిన ప్రయోగం నాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు వల్ల ఆగింది. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మందుల సమాచార పత్రంలో నల్లగీత గడి కట్టిన తీవ్ర హెచ్చరిక పెట్టించింది. నయం చేయాలన్న ఉద్దేశంతో రేడియేషన్ ఇస్తున్నప్పుడు దీన్ని వాడకూడదన్నది నా గట్టి మాట.

అడగవలసిన ఇంజెక్షన్ మరొకటి ఉంది, ఐరన్. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో తిరుగుతున్న ఇనుము) పరీక్షలు చేయించమని మీ డాక్టరును అడగండి. క్యాన్సర్‌లో ఫెరిటిన్ వాపు వల్ల తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, అందుకే రెండోది కూడా కావాలి. అది 20 శాతానికి తక్కువగా ఉంటే ఇనుము లోటు ఉన్నట్టు. అప్పుడు సెలైన్‌తో నరంలోకి ఇచ్చే ఐరన్ పేగులోని ఆ మూసిన ద్వారాన్ని తప్పించుకుని లోపలికి వెళుతుంది. ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇవాళ పెడితే నాలుగో వారంలో, సరిగ్గా సిస్‌ప్లాటిన్ ప్రభావం కనబడే సమయానికి అక్కరకు వస్తుంది.

మునగాకు గురించి ఒక జాగ్రత్త. కటిభాగానికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు రెండో, మూడో వారం నుంచి విరేచనాలు పట్టుకుంటాయి. ఆ రోజుల్లో పీచు ఎక్కువ ఉన్న ఆకుకూరలు, పచ్చి కూరగాయలు, ఖర్జూరాలు రోజూ కుక్కి పెడితే మరింత నీళ్ల విరేచనాలవుతాయి. నీళ్లు తగ్గితే మూత్రపిండం దెబ్బతింటుంది, సిస్‌ప్లాటిన్ ఆగిపోతుంది. మంచి చేయబోయి చెడు తెచ్చుకున్నట్టవుతుంది. మెత్తని అన్నం, గుడ్డు, సన్నగా ఉడికించిన చేప, తింటారనుకుంటే కొంచెం మేక కాలేయం, పలుచని మజ్జిగ పెట్టండి. అన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి పడుతుంది. టీ మాత్రం భోజనం అయిన గంటా రెండు గంటల తర్వాతే. మునగాకు పెదనాన్నగారి చేతులతోనే వండిపెట్టించండి, కానీ చికిత్స ముగిసి పేగు కుదుటపడ్డాక.

చుట్ట విషయం మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అది పెద్ద విషయం. మీ ప్రాంతంలో పెద్ద ఆడవాళ్లు నిప్పు నోట్లోపలికి పెట్టి అడ్డపొగ తాగడం నేను చూశాను. మీ అమ్మగారిదీ అదే అలవాటేమో. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నది గంటల తరబడి వదలదు. ఆసుపత్రిలో రెండు సంచులు ఎక్కించుకుని, ఉదయం చుట్ట కాల్చి మిషను గదిలోకి వెళితే, ఎక్కించిన దానిలో కొంత పనికి రాకుండా పోయినట్టే. ఆ అలవాటు ఆమెకు నలభై ఏళ్ల తోడు కావచ్చు, తిట్టి మాన్పించలేరు. "అమ్మా, ఈ ఎనిమిది వారాలు" అని అడగండి. పూర్తిగా సాధ్యం కాకపోతే కనీసం రేడియేషన్‌కు వెళ్లే ముందు కాల్చకుండా ఉంటే మేలు. మానలేక గింజుకుంటుంటే నికోటిన్ గమ్ గురించి మీ డాక్టరును అడగండి.

రక్తం ఎక్కించే రోజు మీరు పక్కనే ఉండండి. సంచి మీది పేరు, గ్రూపు, నంబరు కేస్ షీటుతో సరిపోయాయో లేదో నర్సుతోపాటు మీరూ చదవండి. మొదటి పావుగంట కళ్లు ఆమె మీదే ఉంచండి. వణుకు, జ్వరం, దద్దుర్లు, నడుంనొప్పి, ఆయాసం, ఏది వచ్చినా వెంటనే కేకేయండి, ఆలోచించవద్దు. ఒక సంచి నాలుగు గంటల్లోపు పూర్తి కావాలి. ఆ తర్వాత ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. వారానికొకసారి, సిస్‌ప్లాటిన్‌కు ముందు రక్తపరీక్ష చేస్తారు. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) అంకెలను తేదీతో సహా రాసుకోండి. హిమోగ్లోబిన్ 10 దిగువకు జారుతుంటే మీరే ముందు అడగండి. శనివారం చూసిన కాగితం సోమవారానికి ఫైలులో మునిగిపోవడం రద్దీ ఆసుపత్రుల్లో జరిగే పనే. ఇంటివాళ్లు గుర్తు చేస్తే ఏ డాక్టరూ నొచ్చుకోకూడదు.

చివరగా మీ రక్తం. కన్నబిడ్డ రక్తం నేరుగా తల్లికి ఎక్కించడాన్ని మేం వీలైనంతవరకు తప్పిస్తాం. దగ్గరి రక్తసంబంధం ఉన్నప్పుడు, దాత తెల్లకణాలను రోగి ఒళ్లు పరాయివిగా గుర్తించకపోవచ్చు. అవి లోపల స్థిరపడి ఆ ఒంటి మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం. తప్పనిసరైతే ఆ సంచికి కూడా ముందుగా 25 గ్రే రేడియేషన్ ఇచ్చి తెల్లకణాలను అణచివేస్తారు. అంత కష్టం దేనికి? మీరు బ్లడ్ బ్యాంకులో ఇచ్చే యూనిట్ మరో రోగికి వెళుతుంది, మీ అమ్మగారికి ఇంకొకరిది వస్తుంది. డబ్బు తీసుకుని రక్తం ఇస్తామని ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా పలకరిస్తే దూరంగా ఉండండి. అది మన దేశంలో నిషేధం, ఆ రక్తంలో ప్రమాదమూ ఎక్కువ.

అయితే ఇవ్వడానికి దాతకు హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మీకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రాశారు. తిరుగుడు వల్లే అనుకుని ఊరుకోవద్దు. ఆ అద్దం ముందు అమ్మ కనురెప్ప పక్కన మీది చూసుకున్నప్పుడు ఏ రంగు కనిపించిందో నాకు తెలియదు కానీ, ఈ వారం అమ్మ రక్తపరీక్ష కోసం ల్యాబుకు వెళ్లినప్పుడు మీ చేయి కూడా చాపండి. మీది 12.5కు తక్కువ వస్తే బ్లడ్ బ్యాంకుకు మీ అన్నదమ్ములను, ఊళ్లో స్నేహితులను పంపండి. మీరు మాత్రం ఐరన్ మాత్రల చీటీతో ఇంటికి వెళ్లండి. ఆ అంకె కూడా అమ్మ నోటుపుస్తకంలోనే, పక్క పేజీలో రాసిపెట్టుకోండి.